ఆ రోజు స్వీట్లు పంచారు

2008 డిసెంబరు 13 ఉదయం హనుమకొండలో డిగ్రీ క్లాసుకి వెళ్లేసరికి అమ్మాయిలు స్వీట్లు పంచుతున్నారు. మూడు రోజుల కింద ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో పట్టుబడ్డ ముగ్గురిని, తెల్లవారేసరికి మామునూరు దగ్గర పోలీసులు కాల్చి చంపారు. ఆత్మరక్షణ కోసమేనన్నారు. నేనూ ఒక స్వీటు తీసుకున్నాను. వద్దనడానికి నోరు రాలేదు.

ఆ వారం చెప్పాల్సిన పాఠం అధికారాల విభజన. మన పార్లమెంటరీ పద్ధతిలో మంత్రులు చట్టసభలోంచే వస్తారు కాబట్టి ఆ రెంటి మధ్య గోడ పల్చన. కోర్టుకీ ప్రభుత్వానికీ మధ్య గోడైనా గట్టిగా ఉండాలి. రాజ్యాంగం 50వ అధికరణం చెప్పేదదే. వరంగల్‌కి ఇది కొత్తేం కాదు. ప్రజలెన్నుకున్న సభ లేని నిజాం రాజ్యంలోనే 1921లో న్యాయశాఖను పాలనాధికారుల చేతుల్లోంచి విడదీశారు.

"కోర్టులో ఏళ్లు పడుతుంది కద మేడం?" అందొక పిల్ల. నిజమే. అప్పటికి ఐపీసీలో యాసిడ్ దాడికి విడిగా సెక్షనే లేదు. 326ఎ వచ్చింది 2013లో. యాసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టిందీ ఆ ఏడే. చట్టం చేయాల్సినవాళ్లూ తీర్పు చెప్పాల్సినవాళ్లూ ఆలస్యం చేస్తే తుపాకీ ఉన్నవాళ్లు తొందరపడ్డారు. అదీ మన పేరు చెప్పి.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురిని చంపినప్పుడూ పూలే చల్లారు. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చినట్టు 2022లో బయటపడింది.

వరంగల్ అమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరునే చనిపోయారు. బతికినామెకి కోర్టులో నిలబడి, ఆ ముగ్గురి ఎదుట, జరిగింది చెప్పే రోజు రాలేదు.