జింకను కోసిన కత్తి ఎవరిది?

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

మొన్నామధ్య డల్లాస్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. పుట్టింది, పెరిగింది మన నందిగామలోనే. చిన్నప్పుడు ఇంట్లో కోడిని కోస్తుంటే గోడ అవతలికి పారిపోయేవాడు. అలాంటివాడు, "ఒరేయ్, ఈసారి ఆఫీసు వాళ్ళతో జింకల వేటకి వెళ్తున్నా. కొట్టాక అక్కడే కొయ్యాలంట. ఏ కత్తి కొనాలో కాస్త చూసి చెప్పరా" అన్నాడు. నేను రెండు సెకన్లు మాట్లాడలేదు.

అక్కడ అది చట్టబద్ధమే. టెక్సాస్‌లో లైసెన్సు తీసుకోవాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే వేట శిక్షణ కోర్సు కూడా చేయాలి. మా బావ ఆ కోర్సు కూడా చేసేశాడు. ఇక మిగిలింది కత్తే.

"సరే బావా, రెండు రోజులు టైమివ్వు" అన్నాను. నేను బీటెక్ చదివి, కొన్నేళ్ళు కోడింగ్ చేసి, ఇప్పుడు ఇలా కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. ఏదైనా కొనాలంటే ముందు స్పెసిఫికేషన్లు చూడటం నాకు అలవాటు. కాబట్టి ముందు ఆ కత్తి చేయాల్సిన పనేంటో చూద్దాం.

జింక పడిపోయాక ఒంట్లో వేడి అలాగే ఉంటుంది. ఆ వేడికి మాంసం త్వరగా పాడవుతుంది. అందుకే పడిన చోటే కడుపు చీల్చి, పేగులు తీసేసి, ఒళ్ళు చల్లారేలా చేస్తారు. ఇక్కడే చెయ్యి ఒడుపు కావాలి. మొన తోలు కిందనే నడవాలి. కొంచెం లోపలికి దిగి జీర్ణాశయానికో మూత్రాశయానికో చిల్లు పడిందనుకోండి, లోపలిదంతా మాంసం మీదకొస్తుంది. అంటే పొడుగు కత్తి ఇక్కడ అడ్డమే. మూడు నాలుగు అంగుళాల అలుగు చాలు. మడత కత్తి అయితే రక్తం, కొవ్వు ఆ సందులో ఇరుక్కుంటాయి, కడగడం కష్టం. కాబట్టి మడవని కత్తి మంచిది. పిడి తడిచేత్తో పట్టుకున్నా జారకూడదు. ఇంతే. ఇది యుద్ధం చేసే కత్తి కాదు, జాగ్రత్తగా పనిచేసే కత్తి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఇదంతా రాసుకుంటుంటే నాకొక డౌట్ వచ్చింది. మా బావ ఇవాళ అడిగిన ప్రశ్నకి మన నేల మీద వేల ఏళ్ళుగా ఎవరో ఒకరు జవాబు చెప్పుకుంటూనే వచ్చారు కదా? వాళ్ళు ఏం వాడారు?

మొదటి జవాబు రాయి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే చిన్న చిన్న రాతి అలుగులు దొరికాయి. దాదాపు 35,000 ఏళ్ళ కిందటివి. గోరంత, వేలెడంత ఉండే పెచ్చులు. వాటిని కర్రకో ఎముకకో బిగించి వాడేవాళ్ళు. రాతి పెచ్చు అంటే మొద్దుగా ఉంటుందనుకోకండి. అప్పుడే చీల్చిన చెకుముకి రాయి అంచు తోలుని తేలిగ్గా కోసేస్తుంది. మొద్దుబారిందా, పారేసి ఇంకోటి కొట్టుకోవడమే. అంటే మొదటి నుంచీ మనుషులు కోరుకున్నది పెద్ద కత్తిని కాదు. చిన్న అంచు, చేతిలో ఇమిడేది, మళ్ళీ సులువుగా పదును దొరికేది.

తర్వాత ఇనుము వచ్చింది, ఆ తర్వాత ఉక్కు. నిజం చెప్పాలంటే నేను ఈ వీడియో చేద్దామనుకున్నదే ఉక్కు కోసం. థంబ్‌నెయిల్ కూడా అనుకున్నాను, "ప్రపంచాన్ని గెలిచిన తెలుగు కత్తి" అని.

అలా అనుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో వూట్జ్ అని పేరున్న ఉక్కు ఒకటుంది. ఆ పేరు మన "ఉక్కు" అనే మాట నుంచే వెళ్ళిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి తవర్నియే, డమాస్కస్ కత్తులకి పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని రాశాడు. నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరు దానికి పేరుపడింది. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే ఆయన అక్కడికి వెళ్ళి, ఎలా చేస్తారో చూసి రాసుకున్నాడు. రెండు వేర్వేరు ఊళ్ళ ఇనుము తెచ్చి, కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత వేసి, రాత్రీ పగలూ తిత్తులు ఊది కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవాళ్ళు. ఆయన వెళ్ళేసరికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వ్యాపారి ఒకాయన ఆ ఉక్కు కొనడానికి అక్కడే మకాం వేసి ఉన్నాడు. ఇరాన్ నుంచి ఒక మనిషి ఉక్కు కోసం మన పల్లెటూరికి వచ్చి కూర్చున్నాడండీ!

గోల్కొండ సరుకుకి రేవు మచిలీపట్నం. ఆ బాట మన పక్క నుంచే పోయేది, పెనుగంచిప్రోలు మీదుగా. మునేరు దాటి, బెజవాడ వైపు. ఇవాళ మనం చిల్లకల్లు, నందిగామ మీదుగా బస్సులో వెళ్ళే హైదరాబాద్ హైవేకి ఆ బాట పెద్దన్న లాంటిది.

అక్కణ్ణుంచి లండన్ దాకా చూడండి. 1795లో జార్జ్ పియర్సన్ ఈ ఉక్కు మీద రాయల్ సొసైటీకి పేపర్ ఇచ్చాడు. 1820ల నాటికి మైకేల్ ఫారడే, జేమ్స్ స్టొడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దీని మీద ప్రయోగాలు చేశాడు. మనం ఇంటర్‌లో చదివిన ఫారడేనే. ఆయన తండ్రి ఒక కమ్మరి. మన కమ్మరి రహస్యం కనుక్కోవడానికి అక్కడ కమ్మరి కొడుకు కూర్చున్నాడన్నమాట. ఈ ఉక్కులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. కొలిమిలో అలవాటు కొద్దీ తెల్లగా మెరిసేదాకా కాల్చి సమ్మెటతో కొడితే పొడిపొడి అయిపోతుంది. ఎర్రగా ఉన్నప్పుడే, ఓపిగ్గా సాగదీయాలి. యూరప్ కమ్మరులు చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు.

ఇంతవరకూ బానే ఉంది, ఛాతీ ఉబ్బుతుంది. కానీ నా ప్రశ్నేంటి? జింకను కోసిన కత్తి. ఈ ఉక్కంతా కత్తులై, బాకులై, రాజుల నడుములకీ, దూరదేశాల బజార్లకీ వెళ్ళింది. అడవిలో జింక ముందు కూర్చున్న మనిషి చేతిలో ఉన్నదేంటి?

దానికోసం మన జగ్గయ్యపేట పేరు దగ్గరికి రావాలి. ఈ ఊరు అంతకుముందు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద దీన్ని జగ్గయ్యపేట చేశాడు. అమరావతి జమీందారుగా ఆయన గురించి మన పెద్దవాళ్ళు గొప్పగా చెప్తారు. గుళ్ళు కట్టించాడు, దానాలు చేశాడు. నిజమే. కానీ కృష్ణ అవతల, అమరావతికి దగ్గర్లో నరుకుళ్ళపాడు అనే ఊరుంది. ఆ పేరు వెనక ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చెంచులు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారని, వెంకటాద్రి నాయుడు వాళ్ళని విందుకి పిలిపించి, వందల మందిని వరసగా నిలబెట్టి తలలు నరికించాడట. ఆ తర్వాత ఆయనకి అన్నం పళ్ళెంలో పురుగులు కనిపించేవని, ఆ పాపం పోగొట్టుకోవడానికే అమరేశ్వరుడి సేవలో పడ్డాడని చెప్తారు.

జగ్గయ్యపేట బస్టాండ్‌లో ఆ బోర్డు నేను కొన్ని వేలసార్లు చూసుంటాను. ఆ పేరుకి ఇంకో చివర చెంచులు ఉన్నారని మాత్రం ఈ స్క్రిప్టు రాసేటప్పుడే తట్టింది.

ఎందుకంటే మన వైపు జింకను కోయడం తెలిసిన మనుషులు ఎవరంటే, వాళ్ళే. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియన్ పరిశోధకుడు నల్లమలలో చెంచుల మధ్య ఉండి, 1943లో పుస్తకం వేశాడు. చెంచు మగవాడి ఆస్తి అంటే విల్లు, బాణాలు, గొడ్డలి, దుంపలు తవ్వే కర్ర, ఒక కత్తి. ఆ కత్తి ఇనుము వాళ్ళు కరిగించింది కాదు. కింద ఊళ్ళలో తేనె లాంటి అడవి సరుకు ఇచ్చి తెచ్చుకున్నది. అంటే ప్రపంచానికి ఉక్కు పంపిన నేల మీద, ఆ ఉక్కుతో నిజంగా పని ఉన్న మనిషికి అందింది పల్లెటూరి కొలిమిలో చేసిన మామూలు కత్తి.

ఆ కత్తితోనే వాళ్ళు పని నడిపించారు. ఎలా? మొద్దుబారితే పక్కనున్న రాయి మీద నూరుకుంటారు. బజారు అక్కర్లేదు, సాన పట్టేవాడు అక్కర్లేదు. 35,000 ఏళ్ళ కిందటి లెక్కే మళ్ళీ. చిన్నది, చేతిలో ఇమిడేది, పదును సులువుగా తిరిగొచ్చేది.

ఇంకొక్క సంగతి. జగ్గయ్యపేట బౌద్ధ స్థూపం మీద 3వ శతాబ్దపు శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడు అనే చేతిపనివాడు తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. తన పేరు, తండ్రి పేరు, ఇంట్లో వాళ్ళ పేర్లు కూడా రాయించుకున్నాడు. ఒక పనివాడి కుటుంబం పేర్లు 1,700 ఏళ్ళు నిలిచాయి. మరి వాయిసీ కోనసముద్రంలో చూసిన కొలిమి ముందు తిత్తి ఊదినవాడి పేరు? చెంచుకి కత్తి చేసిచ్చిన కమ్మరి పేరు? నరుకుళ్ళపాడులో వరసలో నిలబడినవాళ్ళ పేర్లు? ఊరికి ఒక పేరు మిగిలింది, అంతే.

ఇప్పుడు మా తాతయ్య సంగతి. నందిగామ దగ్గర మా పాత ఇంట్లో, పశువుల కొట్టం చూరులో ఒక కత్తి ఉండేది. జానెడు కూడా లేదు. చింతకర్ర పిడి. ఊరి కమ్మరి లారీ కమాను పట్టీ ముక్కతో చేసిచ్చాడు. మా నాయనమ్మ చెప్పేది, కుర్రతనంలో మీ తాత వాళ్ళు జొన్నచేలో పడ్డ జింకల్ని కొట్టేవాళ్ళురా అని. కోసి, వాటాలేసి, ఇంటింటికీ పంచేవాళ్ళట. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. "ఆ తర్వాత మానేశారా?" అని అడిగితే నవ్వి, "చట్టానికి భయపడి కాదురా, జింకలే కనపడటం మానేశాయి" అంది.

ఆ మాట దగ్గర నా థంబ్‌నెయిల్ పోయింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. రెండు రాష్ట్రాలూ జింకనే ఎంచుకున్నాయి. మన మెట్ట చేలల్లో మాత్రం నేను పుట్టాక ఒక్కదాన్నీ చూడలేదు. తినడానికి కొట్టినవాళ్ళలో మా తాత కూడా ఉన్నాడు. అడవి తగ్గడం, చేలు పెరగడం, తుపాకులు రావడం, అన్నీ ఉన్నాయి. కానీ నా ఇంటి కత్తిని పక్కన పెట్టి మాట్లాడితే అది చరిత్ర అవ్వదు. ఇవాళ నల్లమల పులుల అభయారణ్యంలో అడవిని కాపలా కాసే బేస్ క్యాంపుల్లో పనిచేసేవాళ్ళలో చెంచులు ఉన్నారు. జింక అడుగుజాడ చదవడం వాళ్ళకి తెలుసు కాబట్టి.

ఇక్కడ ఒక్క మాట క్లియర్‌గా చెప్తున్నా. మన దేశంలో జింకను వేటాడటం నేరం, జైలు శిక్ష ఉంటుంది. చేలోకి వచ్చినా, కుక్కలు తరిమినా, ముందు ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేయండి.

రెండు రోజుల తర్వాత మా బావకి ఫోన్ చేశాను. "బావా, డమాస్కస్ గీతలున్న కత్తి కొనకు, దాన్ని గోడకి తగిలించుకోవాలి. మూడున్నర అంగుళాల అలుగు, మడవనిది, జారని పిడి. దాంతో పాటు ఒక చిన్న సానరాయి కొను. ముందు ఆ రాయి మీద నూరడం నేర్చుకో. అది రాకపోతే ఏ కత్తీ కొనకు" అన్నాను.

"ఇంతేనా? దీనికి రెండు రోజులా?" అన్నాడు.

"ఇంకోటి ఉంది. ఒక్కదాన్నే కొట్టు, దాన్ని మొత్తం తిను. అది తాతయ్య వాళ్ళు చేయని పని" అన్నాను. కాసేపు అటు నుంచి ఏమీ వినపడలేదు. తర్వాత, "ఆ చూరులో కత్తి ఇంకా ఉందా?" అని అడిగాడు.

ఉంది. పోయిన ఆదివారం వెళ్ళి తీశాను. తుప్పు పట్టింది. గుమ్మం రాయి మీద పది నిమిషాలు నూరితే అంచు తేలింది. దాంతో ఒక నిమ్మకాయ కోశాను. చేసిన కమ్మరి పేరు మా నాయనమ్మకి గుర్తులేదు. మీ ఊళ్ళో కొలిమి ఇంకా నడుస్తుంటే, ఒకసారి వెళ్ళి ఆయన పేరు అడగండి. ఊరికే ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.