ఎవరి ఖాతాలో ఎవరి పరుగులు?

పలాసలో జీడిపప్పుకి అంకెలే పేర్లు. 320 రకం అంటే పౌనుకి 320 దాకా తూగే గుండు పప్పు. 240 అంటే అంతకన్నా పెద్దది. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. ధర ఆ లెక్కనే దిగుతుంది. ఎందుకు విరిగింది? పిక్కకి ఆవిరి సరిగ్గా పట్టలేదా, ఎండ చాల్లేదా, ఒలిచిన చెయ్యి తప్పిందా? కాటాకి అదంతా అనవసరం. మా ఉద్దానం వాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు.

క్రికెట్ స్కోరుకార్డు చూసినప్పుడల్లా నాకు ఆ కాటాయే గుర్తొస్తుంది.

1950-51 సీజన్లో హోల్కర్ జట్టు మీద హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. అంటే 555 బంతులు. ఇచ్చినవి 245 పరుగులు, తీసినవి 4 వికెట్లు. సగటు కడితే వికెట్‌కి 61 పైనే. ఆ అంకె ఒక్కటే చూస్తే చితక్కొట్టించుకున్నాడనిపిస్తుంది. కానీ ఓవర్‌కి మూడు పరుగులు కూడా ఇవ్వలేదు, 21 మెయిడెన్లు వేశాడు. ఒకే మనిషి, ఒకే పని. ఏ లెక్క నమ్మాలి?

1956లో కలకత్తా టెస్టులో ఆస్ట్రేలియా మీద ఆయన మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకి 7, రెండో దాంట్లో 81కి 3 వికెట్లు తీశాడు. మన బ్యాటింగ్ రెండుసార్లూ 136కే ముగిసింది. 94 పరుగుల తేడాతో ఓడిపోయాం.

బేస్‌బాల్‌లో అయితే గెలుపోటములు పిచర్ పేరు మీదే రాస్తారు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే. 2018లో జేకబ్ డిగ్రామ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.70 పరుగులే ఇచ్చాడు. అయినా ఖాతాలో పడినవి 10 గెలుపులు, 9 ఓటములు. ఆ ఏడు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు మాత్రం ఆయనకే వచ్చింది. ఓటర్లు అప్పటికి గెలుపుల లెక్కని నమ్మడం మానేశారన్నమాట.

అది ఒక్కరోజులో జరగలేదు. ఫీల్డర్ తప్పు వల్ల వచ్చిన పరుగుల్ని తీసేసి కట్టే సగటుని నేషనల్ లీగ్ 1912లోనే అధికారికం చేసింది. అందులోనూ చిల్లు ఉంది: బంతిని అందుకోబోయి జారవిడిస్తే తప్పు, నెమ్మదిగా పరిగెత్తి అసలు అందుకోకపోతే తప్పు కాదు! 2001లో వోరోస్ మెక్రాకెన్ ఇంకో అడుగు వేశాడు. బ్యాటుకి తగిలి మైదానంలో పడిన బంతి ఏమవుతుందన్నది పిచర్ చేతిలో పెద్దగా లేదు, కాబట్టి స్ట్రైకవుట్లు, వాక్‌లు, హోమ్ రన్లు చూడమన్నాడు.

క్రికెట్‌లో బైలు బౌలర్ ఖాతాలో వెయ్యరు. జారిన క్యాచ్ తర్వాత వచ్చిన పరుగులన్నీ మాత్రం అతనివే.

గులాం అహ్మద్ టెస్టు లెక్క: 22 మ్యాచ్‌లు, 68 వికెట్లు, సగటు 30.17. ఆ 30లో ఎన్ని ఆయనవో, ఎన్ని ఫీల్డర్లవో విడదీసే కాటా మన దగ్గర లేదు. బద్దల కుప్ప ముందు కూచున్న మనిషికీ లేదు.