చెవితో తెలుసుకున్న ఇంజిన్: అంబాసిడర్ కాలపు మరమ్మతు విద్య

1953లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫారసు భారతదేశపు కార్ల విపణితో పాటు కార్ల మరమ్మతు వృత్తినీ మలచింది. విడిభాగాలను విదేశాల నుంచి తెచ్చి ఇక్కడ బిగించడమే తప్ప స్వదేశంలో తయారీకి పూనుకోని సంస్థలు తప్పుకోవాలన్నది ఆ సిఫారసు కాగా, దాని పర్యవసానంగా జనరల్ మోటార్స్, ఫోర్డ్ తమ కర్మాగారాలను మూసుకున్నాయి. విపణి ప్రధానంగా హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్ సంస్థల చేతికి వచ్చింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ 1950ల చివర రోడ్డెక్కి, ఆకృతిలో పెద్ద మార్పు లేకుండానే 2014 వరకు కొనసాగింది. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన రోజుల్లో ఉన్న కారునే నడిపించుకోవడం తప్పనిసరి కావడం వల్లనూ, తరాలు మారినా యంత్రం అంతగా మారకపోవడం వల్లనూ మెకానిక్‌లకు దాని గుణదోషాలు క్షుణ్ణంగా తెలిశాయి.

ఆ యంత్రం ఎడతెగని సేవ కోరేది. ముందు చక్రం పక్కకు తిరిగేందుకు ఆధారమైన కింగ్‌పిన్నుకు, దాని చుట్టూ ఉండే బుష్‌లకు తరచు గ్రీజు కొట్టకపోతే అవి అరిగి స్టీరింగు వణికేది. చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆ అరుగుదల చేతికే తెలిసేది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేందుకు విద్యుత్తును సమయానికి తెంచి కలిపే పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యో వంతులు 15, అంటే దాదాపు 0.4 మిల్లీమీటరు ఉండాలి గనుక, ఫీలర్ గేజి అనే పలుచని ఉక్కు రేకులతో దాన్ని సరిచూసేవారు. పాయింట్లు మాటిమాటికీ కాలిపోతుంటే వాటిని రుద్ది సరిపెట్టి పంపేయక, వాటి మీద రవ్వలు లేవకుండా కాపాడే కండెన్సర్‌ను అనుమానించడం మంచి మెకానిక్ లక్షణం.

ఈ విద్యలో అతి సూక్ష్మమైన భాగం శబ్దజ్ఞానం. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే, చప్పుడు ఎక్కడ పుడుతోందో లోహం గుండా స్పష్టంగా వినిపిస్తుంది. పైభాగంలో టిక్కుటిక్కుమనే తేలికపాటి చప్పుడు వాల్వులను కదిలించే ట్యాపెట్ల ఎడం పెరిగిందని తెలుపుతుంది. అది చిన్న సవరణతో పోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వినిపించి వేడెక్కాక తగ్గే మొద్దు చప్పుడు, పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు పెరిగిందనడానికి గుర్తు. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు నుంచి వచ్చే బరువైన మోత మాత్రం ప్రమాదకరమైనది. కనెక్టింగ్ రాడ్డుకూ క్రాంక్‌షాఫ్ట్‌కూ నడుమ ఉండే బేరింగు అరిగిందని దాని అర్థం, అలాగే నడిపితే రాడ్డు విరిగి ఇంజిన్ బ్లాకునే పగలగొట్టగలదు. ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి చూస్తూ, ఏ సిలిండర్ దగ్గర మోత తగ్గితే దోషం అక్కడ ఉన్నట్టు నిర్ధారించేవారు. ఒక్కొక్క కారణాన్నీ తొలగించుకుంటూ పోయే ఈ పద్ధతి ఏ ప్రయోగశాల పరీక్షకూ తీసిపోదు. దానికి దక్కవలసిన గౌరవం మాత్రం దక్కలేదు.

పొగ రంగు మరో ఆధారం. నీలిపొగ వస్తే అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచో వాల్వు గైడ్ల గుండానో ఆయిలు చేరి కాలుతోందని, నల్లపొగ వస్తే గాలి పాలు తగ్గి పెట్రోలు ఎక్కువవుతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని సిలిండర్‌లోకి నీరు దిగుతోందని గ్రహించేవారు. ఆయిలు చూసే కడ్డీకి పాలు కలిసినట్టు తెల్లని జిగురు అంటితే ఆ అనుమానం బలపడేది. సిలిండర్లు బాగా అరిగినప్పుడు రీబోరు చేసేవారు, అంటే వాటిని కాస్త పెద్దవిగా తొలిచి ఆ కొలతకు తగిన పిస్టన్లు వేసేవారు. రెంటచింతల వంటి చోట్ల మండే వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోతే, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి చల్లారేదాకా ఆగడం డ్రైవర్లకు తెలిసిన ఉపాయం.

ఐటీఐలు మోటార్ మెకానిక్ పనిని పాఠ్యాంశంగా నేర్పినా, ఈ నైపుణ్యంలో అధికభాగం షెడ్డుల్లో గురువు పక్కన నిలబడి, మొదట స్పానర్లు అందిస్తూ, భాగాలు కిరసనాయిలుతో కడుగుతూ నేర్చుకున్నదే. విజయవాడ, గాజువాక ఆటోనగర్‌లు ప్రధానంగా లారీల అవసరం మీద ఎదిగినా, లేతు పని, టింకరింగ్, రేడియేటర్ మరమ్మతు, కమాను పట్టీల పని ఒకేచోట దొరకడంతో కార్ల యజమానులకూ అవే ఆధారమయ్యాయి.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఈ విద్యకు తొలి సవాలు. అంబాసిడర్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు వదులైతే గలగలమని ముందే హెచ్చరిస్తుంది. మారుతిలో ఆ పని చేసే రబ్బరు బెల్టు మాత్రం చాలాసార్లు ఏ చప్పుడూ చేయకుండానే ఒక్కసారిగా తెగుతుంది. అందువల్ల వినికిడి కన్నా, నిర్ణీత కిలోమీటర్లకు బెల్టు మార్చే క్రమశిక్షణ ముఖ్యమైంది. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి కావడం, ఆ తర్వాత ఉద్గార నియమాలు కఠినం కావడం వల్ల పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్, పాయింట్లు రెండూ క్రమంగా కనుమరుగై, వాటి స్థానాన్ని కంప్యూటర్ నియంత్రించే ఇంధన ఇంజెక్షన్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఆక్రమించాయి. దోషాన్ని కారే నమోదు చేసుకునే ఓబీడీ ఏర్పాటు 2010 తర్వాత దశలవారీగా కొత్త కార్లలో తప్పనిసరి అయింది.

అయినా పాత తర్కం చెల్లిపోలేదు. ఓబీడీ నమోదును చదివే స్కానర్ పి0301 అని చూపితే మొదటి సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండడం లేదని మాత్రమే తెలుస్తుంది. ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్, వాల్వు వీటిలో లోపం దేనిదో స్కానర్ తేల్చదు. ప్రతి సిలిండర్‌కూ వేరే కాయిల్ ఉన్న కారులో మెకానిక్ మొదటి కాయిల్‌ను రెండో దానితో మార్చి ఇంజిన్ నడుపుతాడు. ఈసారి పి0302 కనిపిస్తే పాడైనది కాయిలే.