గడీలు: దొర దివాణం నుంచి అతిథుల విడిది దాకా

తెలంగాణ పల్లెలో దొర ఇల్లూ, కచేరీ ఒకే ప్రహరీలో ఉండే కట్టడం గడీ. మూలల్లో బురుజులు, ఎత్తైన సింహద్వారం, లోపల టేకు స్తంభాల మండువా, ధాన్యం గాదెలు ఉండేవి. ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్నవీ పెద్దవీ గడీలు వెలిశాయి.

వీటికి బలం శిస్తు వసూలు నుంచి వచ్చింది. 1865లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీ అనే పరిపాలనా పద్ధతిని తెచ్చి ఆ పనిని సర్కారు ఉద్యోగులకు అప్పగించాడు. అంతదాకా శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖులకు, అంటే ఈ దొరలకు, పరిహారంగా రుసుము దక్కింది. అయినా పెత్తనం సడలలేదు. భూములు వారి పేర చేరుతూ పోయాయి, ఊరంతా గడీకి వెట్టి చేసింది. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ కులాలవారు కూలి లేకుండా చాకిరీ చేశారు. గడీ అందాన్ని మెచ్చుకునేవారు ముందు ఈ చాకిరీని గుర్తించాలి.

అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని విసునూరు గడీ ఇందుకు పెద్ద ఉదాహరణ. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అధీనంలో 40,000 ఎకరాలు ఉండేవని చెబుతారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దక్కించుకోవడానికి ఆయన మనుషులనే ఎదిరించింది. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు గ్రామ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత మొదలైన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది. ఈలోగా 1949లో జాగీర్దారీ రద్దయింది. 1970ల చివర్లో రైతుకూలీ ఉద్యమాలు ఎగసిపడ్డాక మిగిలిన దొరలు కూడా చాలామంది పట్నం చేరారు. ఖాళీ అయిన గడీల్లో కొన్ని బడులయ్యాయి, కొన్ని సర్కారు కార్యాలయాలయ్యాయి, చాలావరకు కూలిపోయాయి.

ఇలాంటి కట్టడాలకు విడిదిగా రెండో జీవితం ఇవ్వవచ్చని రాజస్థాన్ ముందే చూపింది. 15వ శతాబ్దపు నీమ్‌రానా కోట 1991లో హోటల్ అయింది. హైదరాబాద్‌లో 1893 నాటికి పూర్తయిన ఫలక్‌నుమా ప్యాలెస్‌ను తాజ్ సంస్థ బాగుచేసి 2010 నవంబరులో అతిథులకు తెరిచింది. అయితే అది నగరపు రాజమహల్, గడీ కాదు. పల్లె కోటల్లో చెప్పుకోదగ్గది కామారెడ్డి జిల్లా దోమకొండ. దోమకొండను ఏలిన కామినేని వంశీయుల చొరవతో జరిగిన ఆ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది.

ఈ పనిలో అసలు చిక్కు గోడల్లోనే ఉంటుంది. పాత గోడలు గానుగలో రుబ్బిన డంగు సున్నంతో కట్టినవి, అవి గాలి పీలుస్తాయి. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి ఇటుక పొడి అవుతుంది. అందుకే మళ్లీ సున్నమే రుబ్బాలి, ఆ పని తెలిసిన మేస్త్రీలను వెతికి పట్టుకోవాలి. స్నానాల గదులకు గొట్టాలు వేయాలంటే మందపాటి గోడలను తొలచాలి. వంటగది పొగ పాత దూలాలకు పట్టకుండా దాన్ని విడిగా కట్టుకోవడమే మేలు.

2021లో పాలంపేట రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది కాబట్టి ఓరుగల్లు వైపు వచ్చేవారికి పల్లె విడుదులు పనికొస్తాయి. కానీ గడీల ఆస్తి వారసుల మధ్య పంచుకుపోయి ఉంటే సంతకాలు కుదరడమే కష్టం. విడిదిగా మారిన గడీలో దొర చిత్రపటం పక్కన వెట్టి చేసినవారి చరిత్ర కూడా రాసి ఉండాలి.