పాత చీర వడపోతతో కలరా నివారణ

బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతమున 65 గ్రామములలో జరిపిన పరిశీలనలో, పాత నూలుచీరతో వడకట్టిన నీటిని త్రాగిన కుటుంబములలో కలరా కేసులు సుమారు 48 శాతము తగ్గినవి. అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందము ఈ ఫలితములను 2003లో ప్రచురించినది. కట్టెల కొరత వలన నీరు మరిగించుకొనలేని ఇండ్ల కొరకు ఈ పద్ధతి ఉద్దేశింపబడినది.

కలరా క్రిములు చెరువునీటిలోని సూక్ష్మ జలచరములను అంటిపెట్టుకొని ఉండును. చీరను కనీసము నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టినచో, అవి గుడ్డపైనే నిలిచిపోవును. ఇందుకు కొత్త చీర కంటె పాతదే మేలు. పలుమార్లు ఉతికిన నూలుపోగులు విడివడి, నేతలోని సందులు ఇరుకగును. వాడిన గుడ్డను జాడించి ఎండలో ఆరవేయవలెను.

విడిగా తిరుగాడు క్రిములు మాత్రము గుడ్డను దాటిపోగలవు. ఆ దేశపు గొట్టపుబావులను పీడించుచున్న ఆర్సెనిక్ నీటిలో కరిగియుండుటచే ఎన్ని మడతలకును చిక్కదు.