జావా స్ట్రింగ్: అంతర్గత మార్పుల చరిత్ర

జావా భాషలో స్ట్రింగ్ ఒకసారి తయారయ్యాక మారదు. 1996లో వచ్చిన తొలి వెర్షన్ నుంచీ ఉన్న నియమమిది. తనిఖీ చేసిన ఫైల్ పేరు ఆ తర్వాత వేరే పేరుగా మారిపోదన్న ధీమా దీనివల్లే. అయితే ఈ హామీ ప్రోగ్రామ్‌కు కనిపించే విలువకే వర్తిస్తుంది. మెమరీలోని ఆబ్జెక్టు లోలోపల మారుతూనే ఉంటుంది.

మొదట్లో ఆ విలువకు కూడా పూర్తి భరోసా లేదు. అప్పటి స్ట్రింగ్‌లో అక్షరాల అర్రేతోపాటు ప్రారంభ స్థానం, పొడవు విడిగా ఉండేవి. "రామకృష్ణ" నుంచి "కృష్ణ"ను తీస్తే రెండూ ఒకే అర్రేను పంచుకునేవి; రెండోదానికి యూనికోడ్ యూనిట్ల లెక్కలో స్థానం 3, పొడవు 5. ఆ 3 రాసిన సంగతి ఇంకో థ్రెడ్‌కు అందకముందే అది స్ట్రింగ్‌ను చదివితే, సున్నా నుంచి ఐదు యూనిట్లు తీసుకుని "రామకృ" అని చూసే వీలుంది. కాసేపటికి అదే స్ట్రింగ్ "కృష్ణ" అవుతుంది. భద్రతకు ఇది ప్రమాదకరమైన లొసుగు. 2004లో జావా 5 తెచ్చిన మెమరీ మోడల్ ఫైనల్ (ఒకసారి రాశాక మారకూడని) ఫీల్డులకు గట్టి హామీ ఇచ్చి దీన్ని సరిదిద్దింది.

పాఠం నుంచి లెక్కకట్టిన సంఖ్యను దాచే హ్యాష్ ఫీల్డును మాత్రం కావాలనే ఫైనల్ కాకుండా ఉంచారు. మొదట అందులో సున్నా ఉంటుంది. ఎవరైనా అడిగినప్పుడు లెక్కకట్టి అందులో దాస్తారు: వచ్చిన మొత్తాన్ని 31తో హెచ్చించి తర్వాతి యూనిట్‌ను కూడుతూ పోతే "అమ్మ"కు 9,47,64,042 వస్తుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి లెక్కకట్టినా జవాబు ఒకటే, కాబట్టి తాళం అక్కర్లేదు. ఫీల్డును ఒక్కసారే లోకల్ వేరియబుల్‌లోకి చదవాలన్నది ఇక్కడి కీలకం. రెండుసార్లు చదివితే, రెండోసారి పాత సున్నాయే రావడానికి మెమరీ మోడల్ ఒప్పుకుంటుంది. అసలు హ్యాషే సున్నా అయిన స్ట్రింగులకు ప్రతిసారీ మళ్లీ లెక్క తప్పేది కాదు. 2019లో జావా 13 ఇందుకోసం ఒక బూలియన్ ఫీల్డు చేర్చింది.

అర్రేను పంచుకునే పద్ధతి 2012లో జావా 7 అప్‌డేట్ 6తో పోయింది. రెండేళ్లకే జావా 8 అప్‌డేట్ 20 మరో రూపంలో పంపకాన్ని తెచ్చింది. కోరితే జీ1 గార్బేజ్ కలెక్టర్ ఒకే పాఠమున్న స్ట్రింగులను వెతికి, అన్నింటినీ ఒకే అర్రే వైపు తిప్పుతుంది. ఫైనల్ అని రాసి ఉన్న ఫీల్డునే మార్చేస్తుంది, ప్రోగ్రామ్‌కు తేడా తెలియదు.

ప్రైవేటు ఫీల్డులనూ తాకనిచ్చే రిఫ్లెక్షన్‌తో బయటివారు చేసే మార్పు ఇలాంటిది కాదు, అది నియమాన్నే దెబ్బతీస్తుంది. కోడ్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్ (లిటరల్) అర్రేలో వేలుపెడితే ప్రోగ్రామంతటా ఆ పాఠం మారిపోయేది. 2021లో జావా 16 ఈ దారిని డిఫాల్ట్‌గా మూసేసింది. తిరిగి హ్యాష్ విషయానికొస్తే, 2025లో వచ్చిన జావా 25, ఆ ఫీల్డు ఒకసారి నిండితే ఇక మారదని వర్చువల్ మెషీన్‌కు చెప్పి, దాన్ని స్థిరాంకంగా వాడుకునే వీలు కల్పించింది.