గృహ వర్చువలైజేషన్ సర్వరుకు నెట్‌వర్కు కార్డు ఎంపిక

ఒకే కంప్యూటరుపై అనేక ఆపరేటింగ్ సిస్టములను ఏకకాలంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిపే పద్ధతిని వర్చువలైజేషన్ అంటారు. ఇలా నడిచే ఒక్కొక్క వ్యవస్థను వర్చువల్ మెషీను అని, వీటన్నిటినీ నడిపించే సాఫ్టువేరును హైపర్‌వైజరు అని వ్యవహరిస్తారు. ఈ పని కోసం ఇంటిలో ఏర్పాటు చేసుకొనే సర్వరును బయటి నెట్‌వర్కుతో కలిపే పరికరమే నెట్‌వర్కు కార్డు. సాధారణ కంప్యూటరుకు ఈ కార్డును వేగం, ధర చూసి ఎంచుకుంటే సరిపోతుంది. వర్చువలైజేషన్ సర్వరు విషయంలో మాత్రం, వాడబోయే హైపర్‌వైజరులో ఆ కార్డుకు డ్రైవరు ఉన్నదా లేదా అనేది అన్నిటికంటే ముందు చూడవలసిన అంశం.

పనిచేసే విధానం

హైపర్‌వైజరు ప్రతి వర్చువల్ మెషీనుకు ఒక కాల్పనిక నెట్‌వర్కు కార్డును చూపిస్తుంది. ఉదాహరణకు ఇ1000 అనే కాల్పనిక కార్డు ఇంటెల్ వారి పాత గిగాబిట్ కార్డును అనుకరిస్తుంది. సర్వరులో నిజంగా ఉన్న కార్డు ఏదైనప్పటికీ వర్చువల్ మెషీనుకు మాత్రం ఇంటెల్ కార్డే కనిపిస్తుంది. వర్టియో, విఎమ్‌ఎక్స్‌నెట్3 అనేవి వర్చువలైజేషన్ కోసమే రూపొందించినవి. వీటివలన ప్రాసెసరుపై భారం తగ్గుతుంది.

ఈ కాల్పనిక కార్డులన్నీ సర్వరులోని ఒక సాఫ్టువేరు స్విచ్చికి కలుస్తాయి. లినక్సులో దీనిని బ్రిడ్జి అంటారు. ఒకే బ్రిడ్జిపై, ఒకే నెట్‌వర్కులో ఉన్న రెండు వర్చువల్ మెషీన్లు మాట్లాడుకున్నప్పుడు ఆ సమాచారం సర్వరు మెమొరీలోనే బదిలీ అవుతుంది, అసలు కార్డు దాకా రాదు. కనుక కార్డు వేగం సర్వరుకూ బయటి పరికరాలకూ మధ్య జరిగే బదిలీకి మాత్రమే పరిమితి అవుతుంది.

డ్రైవర్ల లభ్యత

కెవిఎమ్ అనే హైపర్‌వైజరు 2007లో విడుదలైన లినక్స్ 2.6.20 కెర్నెలులో భాగమైంది. 2008లో తొలి విడుదల జరిగిన ప్రాక్స్‌మాక్స్ విఇ దీనిని వాడుకుంటుంది. లినక్సు కెర్నెలులో డ్రైవరు ఉన్న కార్డులు సాధారణంగా ఇందులో కూడా పనిచేస్తాయి. గృహ కంప్యూటర్ల మదర్‌బోర్డులపై ఎక్కువగా కనిపించే రియల్‌టెక్ చిప్పులు కూడా వీటిలో ఉన్నాయి.

విఎమ్‌వేర్ ఇఎస్‌ఎక్స్‌ఐ సంగతి వేరు. 2013లో వచ్చిన 5.5 వెర్షనులో రియల్‌టెక్ డ్రైవర్లను స్థాపన డిస్కునుండి తొలగించారు. చాలామంది పాత డ్రైవర్లను తామే చేర్చుకొని వాడుకున్నారు. 2020లో వచ్చిన 7.0 వెర్షనులో లినక్సు తరహా పాత డ్రైవర్లను నడిపే విఎమ్‌కెలినక్స్ అనే పొరనే తీసివేశారు. దానితో అలా చేర్చుకున్న డ్రైవర్లు పనికిరాకుండా పోయాయి. అటువంటి సర్వర్లు గలవారు పాత 6.7 వెర్షనులోనే ఉండిపోవడమో, వేరే కార్డు కొనడమో చేయవలసి వచ్చింది. 6.7 వెర్షనుకు సాధారణ మద్దతు 2022 అక్టోబరులో ముగిసింది. ఏ లోపమూ లేని కార్డు కూడా ఒక్క వెర్షను మార్పుతో నిరుపయోగం కావచ్చునని దీనినిబట్టి తెలుస్తుంది.

ఇంటెల్ ఐ210, ఐ350 వంటి గిగాబిట్ చిప్పులకు లినక్స్, ఫ్రీబిఎస్‌డి, ఇఎస్‌ఎక్స్‌ఐ మూడింటిలోనూ డ్రైవర్లు రావడంతో గృహ సర్వర్లలో వీటికి ఆదరణ లభించింది. అయితే తయారీదారు పేరు ఒక్కటే చాలదు. అదే సంస్థ చేసిన 2.5 గిగాబిట్ ఐ225 చిప్పు తొలి రూపాలలో ప్యాకెట్లు నష్టపోయే లోపం 2020లో బయటపడింది. తరువాతి రూపంలో దీనిని సరిచేశారు.

పోర్టుల సంఖ్య

వర్చువల్ మెషీన్లు ఎన్ని ఉంటే అన్ని పోర్టులు అవసరం లేదు. ఐఇఇఇ 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఒకే తీగపై అనేక నెట్‌వర్కులను విల్యాన్‌లుగా విడదీయవచ్చు. ఇందుకు విల్యాన్‌లను గుర్తించే స్విచ్చి కావాలి. పిఎఫ్‌సెన్స్, ఓపిఎన్‌సెన్స్ వంటి రౌటరు సాఫ్టువేరును వర్చువల్ మెషీనులో నడపాలంటే ఇంటర్నెట్ వైపు ఒకటి, ఇంటి వైపు ఒకటి చొప్పున రెండు పోర్టులు ఉండడం సౌకర్యం. ఈ ఏర్పాటులో సర్వరును ఆపితే ఇల్లంతటికీ ఇంటర్నెట్ ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి.

కార్డును నేరుగా అప్పగించడం

ఒక కార్డును హైపర్‌వైజరు వాడకుండా ఒక వర్చువల్ మెషీనుకే పూర్తిగా ఇవ్వడాన్ని పాస్‌త్రూ అంటారు. దీనికి ప్రాసెసరు, మదర్‌బోర్డు ఐఓఎమ్ఎమ్‌యు సౌకర్యం కలిగి ఉండాలి. ఇంటెల్ దీనిని విటి-డి అని, ఎఎమ్‌డి ఎఎమ్‌డి-వి ఐ అని పిలుస్తాయి. ఒకే ఐఓఎమ్ఎమ్‌యు సమూహంలో ఉన్న పరికరాలను విడదీసి వేరువేరు మెషీన్లకు ఇవ్వడం కుదరదు. సర్వరు నిర్వహణకు వాడే ఏకైక పోర్టును ఇలా అప్పగిస్తే సర్వరుతో సంబంధం తెగిపోతుంది. అప్పుడు మానిటరు, కీబోర్డు తెచ్చి తగిలించడం తప్పదు. కనుక నిర్వహణకు ఒక పోర్టును విడిగా ఉంచాలి.

ఒకే కార్డును అనేక కార్డులుగా చూపించే ఎస్ఆర్-ఐఓవి ప్రమాణాన్ని పిసిఐ-ఎస్ఐజి 2007లో ప్రకటించింది. ఇంటెల్ 82599 చిప్పు ఒక్కో పోర్టును ఇలా 63 వరకు విభజించగలదు. ఐ350లో కూడా పరిమితంగా ఈ సౌకర్యం ఉన్నది. కొద్ది వర్చువల్ మెషీన్లు ఉన్న ఇంటికి సాధారణ బ్రిడ్జియే చాలు.

వేగం, స్లాటు, తీగ

గిగాబిట్ వేగమంటే సెకనుకు గరిష్ఠంగా 125 మెగాబైట్లు, 10 గిగాబిట్ అంటే 1,250 మెగాబైట్లు. పిసిఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో ఒక్కో లేను మొదటి తరంలో సెకనుకు 250, రెండవ తరంలో 500, మూడవ తరంలో సుమారు 985 మెగాబైట్లు మోయగలదు. అందువలన గిగాబిట్ కార్డుకు ఒక లేను గల చిన్న స్లాటు సరిపోతుంది. రెండవ తరపు 10 గిగాబిట్ కార్డుకు మాత్రం కనీసం నాలుగు లేన్లు ఉండాలి. పొడవైన స్లాటులో అన్ని లేన్లూ కలిపి ఉండకపోవచ్చు గనుక మదర్‌బోర్డు పుస్తకం చూసి నిర్ధారించుకోవాలి.

ఇంటి గోడలలో ఇప్పటికే ఉన్న క్యాట్ 5ఇ తీగపై గిగాబిట్, 2.5 గిగాబిట్ వేగాలు 100 మీటర్ల వరకు పనిచేస్తాయి. 10 గిగాబిట్ వేగం అదే దూరం వెళ్ళాలంటే క్యాట్ 6ఎ తీగ కావాలి.

పాత కార్డులు కొనేటప్పుడు

సంస్థలు తొలగించిన సర్వరు కార్డులు తక్కువ ధరకు దొరుకుతాయి. ఇవి బలమైన ఫ్యాన్లు ఉన్న సర్వరు పెట్టెల కోసం తయారైనవి. గాలి సరిగా ఆడని చిన్న పెట్టెలో, ముఖ్యంగా 10 గిగాబిట్ కార్డులు, అతిగా వేడెక్కుతాయి. పేరున్న కార్డులకు నకిలీలు కూడా అమ్ముడవుతున్నందున నమ్మకమైన చోట కొనడం మంచిది.

ఎంపిక క్రమం

మొదట హైపర్‌వైజరును నిర్ణయించుకొని, దాని హార్డువేరు జాబితాలో కార్డులోని చిప్పు పేరు ఉన్నదో లేదో చూడాలి. కార్డు అమ్మకపు పేరుకన్నా చిప్పు పేరే ముఖ్యం. తరువాత పోర్టుల సంఖ్య, ఖాళీ స్లాటు, తీగ, చివరగా వేగం చూడాలి. హైపర్‌వైజరును కొత్త వెర్షనుకు మార్చే ప్రతిసారీ ముందుగా ఈ జాబితాను మరల సరిచూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

వర్చువలైజేషన్
ఈథర్‌నెట్
లినక్స్